మూడు గడియారాల బాబాయి

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ తెలిసినవాళ్ళకి గండేరా, గటగట అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. రెండూ కురిడీలో రకాలు. ముదురు కాయని అటక మీద నెలల తరబడి వదిలేస్తే లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి, ఊపితే లోపల దొర్లుతుంది. అదే కురిడీ. మా కోనసీమలో మేం తినేది తక్కువ, ఉత్తరాదికి లారీలకెత్తేది ఎక్కువ. వెయ్యి కాయలకి ఇంత అని రేటు. ఆ రేటు మా ఊళ్ళో తేలేది కాదు. బొంబాయిలోనో, అహ్మదాబాద్‌లోనో, కాన్పూర్‌లోనో ఉన్న సేటు ఒక మాట అంటేనే ఇక్కడ లారీ కదిలేది. ఆ మాట వినాలంటే ఫోన్ కావాలి. 1990ల మొదట్లో మా ఊళ్ళో ఫోన్ అంటే పోస్టాఫీసు, నలుగురైదుగురు పెద్ద షావుకార్లు, ఆ తర్వాత మా బాబాయి.

బాబాయికి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఇంటర్ పాసయ్యాడు. ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టీ పెట్టీ విసిగిపోయిన రోజుల్లో, టెలిఫోన్స్ వాళ్ళు పీసీఓలు, అంటే డబ్బిచ్చి మాట్లాడుకునే ఫోన్ బూత్‌లు, ఇస్తున్నారని, చదువుకున్న నిరుద్యోగులకి, వికలాంగులకి ప్రాధాన్యం ఉందని ఎవరో చెప్పారు. 1984లో శామ్ పిట్రోడా చొరవతో సి-డాట్ అనే ప్రభుత్వ టెలిఫోన్ పరిశోధన సంస్థ మొదలయ్యాక పల్లెలకి కూడా దేశవాళీ ఎక్స్ఛేంజీలు రావడం మొదలైంది. పట్నాల్లో అప్పటికే పసుపుపచ్చ పీసీఓ బోర్డులు వీధికొకటి వెలిశాయి. మా ఎక్స్ఛేంజికి ఎస్టీడీ, అంటే పై ఊళ్ళకి నేరుగా డయల్ చేసే వీలు, వచ్చేదాకా ఆగి, బాబాయి డిపాజిట్ కట్టి లైను తెచ్చుకున్నాడు. డిపాజిట్‌కి పిన్ని గొలుసు తాకట్టుకి వెళ్ళింది. తాతగారి ఇంటి వీధి అరుగుకి ఒక పక్క గోడ లేపితే అదే కొట్టు అయింది.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను, ఇలాంటి కథలు చెప్పేవాళ్ళు మామూలుగా దీన్ని దాటేస్తారు కాబట్టి. అద్దె లేని గది, కోటాలో వచ్చిన లైను, తాకట్టు పెట్టడానికో గొలుసు. ఈ మూడూ లేకపోతే మా బాబాయి తెలివి ఎంతవరకు అక్కరకొచ్చేదో నాకు తెలీదు. వట్టి చేతులతో మొదలుపెట్టాడని ఎవరైనా పొగిడితే ఆయనకి ఒళ్ళు మండేది. "వట్టి చేతులేంటండీ, మా ఆవిడ మెళ్ళో గొలుసు పోయింది కదా" అనేవాడు, పిన్ని వినేలా.

కొట్టు చిన్నది. ముందు చెక్క బల్ల, దాని మీద ఎర్ర అంకెలు మెరిసే మీటరు, పక్కన కాగితం చుట్ట పెట్టిన బుల్లి ప్రింటరు. అవతల అద్దాల గది, అందులో ఎత్తు స్టూలు, తలకి తగిలేంత కిందుగా చిన్న ఫ్యాను. స్కూలు నించి వచ్చాక నా డ్యూటీ ఆ బల్ల దగ్గరే. నెంబరు రాసిచ్చిన చీటీ చూసి కోడు కరెక్టో కాదో చూడాలి. హైదరాబాద్‌కి అప్పట్లో 0842, బొంబాయికి 022, కువైట్‌కి 00965. లోపలున్నాయన డయల్ చేస్తుంటే, "ఈ మార్గంలోని లైన్లన్నీ రద్దీగా ఉన్నాయి" అని మూడు భాషల్లో ఒకావిడ చెప్పేది. ఆ గొంతు మీద మా ఊళ్ళో ఎంతమందికి కోపం ఉండేదో! లైను కలిసిందంటే మీటరు పరిగెత్తేది. మాట్లాడేవాళ్ళ కళ్ళు మాటల మీద ఉండేవి కావు, ఆ ఎర్ర అంకెల మీదే. అటువైపు కొడుకు "అమ్మా, ఎలా ఉన్నావే" అంటుంటే ఇటు తల్లి "బాగున్నాను గానీ పెట్టెయ్యి నాయనా, అంకెలు తిరిగిపోతన్నాయి" అనేది. మాట అయిపోయి ఫోన్ పెట్టగానే ప్రింటరు టకటకా బిల్లు కొట్టేది. రూపాయికి ఇరవై పైసల దాకా మా కమీషన్, మిగతాది డిపార్ట్‌మెంటుది.

రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ. అందుకని ఊరంతా నిద్రపోయే టైముకి మా అరుగు మీద జనం. పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్న ఆడవాళ్ళు, బీడీలు కాల్చుకుంటూ ముసలాళ్ళు. పీసీఓ ఉన్న ఊళ్ళన్నిటా ఇదే భాగోతం. ఇందులో మా బాబాయి గొప్పేమీ లేదు. ఆయన గొప్ప ఏమన్నా ఉంటే, ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ళని ఆయన చూసిన తీరులో ఉంది.

కొబ్బరి వర్తకులు పొద్దున్నే వచ్చేవాళ్ళు. అద్దాల గదిలోకి వెళ్ళి, రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, మాట లోగొంతుకలో పెట్టేవాళ్ళు. బయట నిలబడ్డ ఇంకో వర్తకుడు మాత్రం చెవులు రిక్కించేవాడు. సేటు ఏ రేటు ఇచ్చాడో బయటివాడికి తెలిసిపోతే, వాడు రైతు దగ్గరికెళ్ళి పది రూపాయలు పెంచి సరుకు ఎత్తేస్తాడు. బాబాయి ఇది కొన్నాళ్ళు గమనించాడు. ఒకరోజు మేస్త్రీని పిలిపించి వెనక వసారాలో ఇంకో గది కట్టించాడు. ఇటుక గోడ, టేకు తలుపు, లోపల ఒక బల్ల, తెల్ల కాగితాలు, పెన్సిలు. వర్తకులు వెనక సందులోంచి వచ్చి వెనక సందులోంచే పోవచ్చు. చార్జీ ఒక్క పైసా ఎక్కువ లేదు. తెల్లవారి ఆరింటికే తలుపు తీసి ఉండేది. మార్కెట్ దగ్గరే ఇంకో బూత్ ఉన్నా, పెద్ద పెద్ద వర్తకులంతా మా సందులోకే వచ్చేవాళ్ళు.

ఇంకో సంగతి. ఆ గదిలో మాట్లాడింది బాబాయి నోట్లోంచి ఎప్పుడూ బయటికి రాలేదు. రాత్రి కాగితాల్లో మిగిలిన లెక్కలు, రేట్లు చింపి పొయ్యిలో పడేసేవాడు. ఒకసారి మాకు బాగా కావలసినాయనే, వరసకి మావయ్య, "పొద్దున ఫలానా ఆయన ఎంతకి మాట్లాడాడ్రా" అని అడిగాడు. బాబాయి నవ్వేసి, "ఆయ్, మీరెంతకి మాట్లాడారో రేపాయనకి చెప్పమంటారా అండీ" అన్నాడు. మావయ్య ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ మా వెనక గదికే వచ్చాడు.

గల్ఫ్ వాళ్ళ సంగతి వేరు. కోనసీమలో ఇంటికొకరు కువైట్, మస్కట్, దుబాయ్, దోహా అంటూ ఉండేవాళ్ళు. మగవాళ్ళు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా వెళ్తే, ఆడవాళ్ళు ఖద్దామా వీసాల మీద అరబ్బుల ఇళ్ళల్లో పనికి పోయేవాళ్ళు. ఇక్కడివాళ్ళకి టైము తెలిసేది కాదు. పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి కువైట్ కలపమనేవాళ్ళు. అక్కడప్పటికి ఐదున్నర. నిద్రలో లేచిన అరబ్ ఆయన తిట్టి పెట్టేస్తే, ఆ తిట్లకి కూడా బిల్లు పడేది.

బాబాయి అమలాపురం వెళ్ళి రెండు గోడ గడియారాలు కొనుక్కొచ్చాడు. ఉన్నదానితో కలిపి మూడు. ఒకదాని కింద మన ఊరు, రెండోదాని కింద కువైట్, మూడోదాని కింద దుబాయ్, మస్కట్ అని రంగుతో రాయించాడు. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక, దుబాయ్‌ది గంటన్నర. చదువు రాని ముసలమ్మలు కూడా నెల తిరిగేసరికి రెండో గడియారం చూసి "ఇప్పుడు నమాజు టైము, కాసేపాగుదాం" అనేవాళ్ళు. ఊళ్ళో ఆయనకి మూడు గడియారాల బాబాయి అనే పేరు అలా స్థిరపడింది. చుట్టరికం లేనివాళ్ళు కూడా ఆయన్ని బాబాయనే పిలిచేవాళ్ళు.

తర్వాత ఇంకో మెట్టు ఎక్కాడు. ఇక్కణ్ణించి చేస్తే నిమిషానికి ఎంతవుతుందో అందరికీ తెలుసు, గుండె గుభేలుమనేది. అటునించి వాళ్ళు చేస్తే మనకి ఖర్చుండదు, కానీ ఎవరింట్లోనూ ఫోన్ లేదు. ఇంటికి ఫోన్ కావాలని బాబాయి ఎప్పుడో పెట్టిన దరఖాస్తుకి ఏళ్ళు గడిచాక లైను వచ్చింది. ఆ నెంబరు గల్ఫ్ వాళ్ళందరికీ ఇచ్చేశాడు. అక్కడ శుక్రవారం సెలవు. శుక్రవారానికి ఒక పుస్తకం పెట్టి పావుగంటకొకరు చొప్పున టైములు రాశాడు. ఫలానా వాళ్ళకి పదకొండుంబావు, ఫలానా వాళ్ళకి పదకొండున్నర. ఆ టైముకి వాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు, రానివాళ్ళని పిలవడానికి సైకిల్ మీద నేను. పిలుపుకి రెండు రూపాయలు. ఆ రెండు రూపాయలూ నావే, ముట్టుకునేవాడు కాదు. "ఎన్ని పిలుపులైతే అన్ని. కానీ ఆలస్యమై కాల్ పోతే వాళ్ళకి నువ్వే రెండు రూపాయలు ఇచ్చుకోవాలి" అని షరతు. డబ్బు లెక్క నాకు తెలిసింది అక్కడే. మా లెక్కల మాస్టారు ఏమీ అనుకోకూడదు.

ఈ కథలో పిన్నికి రావలసినంత పేరు రాలేదు. మధ్యాహ్నం బాబాయి భోంచేసి నడుం వాల్చినప్పుడు బల్ల దగ్గర ఆవిడ కూర్చునేది. ఆ రెండు గంటల్లో ఆడవాళ్ళు ఎక్కువ వస్తున్నారని, మగాడు బల్ల దగ్గర ఉంటే మొగుడితో నాలుగు మాటలు మనసు విప్పి మాట్లాడలేకపోతున్నారని కనిపెట్టింది ఆవిడే. రెండు నించి నాలుగు దాకా ఆడవాళ్ళ టైము అని ప్రకటించేసింది. అప్పుడు బాబాయికి కూడా కొట్లోకి ప్రవేశం లేదు. వచ్చినవాళ్ళు డ్రాఫ్టు పట్టుకొచ్చి "ఇది బ్యాంకులో ఎలా వెయ్యాలి పిన్నిగారూ" అనేవాళ్ళు, ఉత్తరం రాసిపెట్టమనేవాళ్ళు. రాసిపెట్టేది. డబ్బు తీసుకునేది కాదు, కానీ ఎవరికేం కావాలో ఆవిడ బుర్రలో చేరిపోయేది. పాస్‌పోర్టు ఎవరు పెట్టుకుంటున్నారు, ఫోటోలకి ఎవరు అమలాపురం వెళ్ళొచ్చారు, జిరాక్స్ దొరక్క ఎవరు బస్సు చార్జీలు పెట్టుకున్నారు, అన్నీ రాత్రి అన్నం వడ్డిస్తూ బాబాయికి చెప్పేది. తర్వాతి రోజుల్లో బాబాయి పెట్టిన ప్రతి కొత్త వ్యాపారం ఆ భోజనాల దగ్గర పుట్టిందే.

1996 నవంబర్ 6. దీపావళి ఇంకా రాలేదు. ఆ రాత్రి తుఫాను గురించి కోనసీమ వాళ్ళెవరినడిగినా చెబుతారు, నేను కొత్తగా చెప్పేదేముంది. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే కొబ్బరి తోటలు లేవు, తలలు విరిగిన మొండేలు ఉన్నాయి. కరెంటు స్తంభాలు, టెలిఫోన్ స్తంభాలు రోడ్లకి అడ్డం పడి ఉన్నాయి. మా లైను మూగబోయింది. కువైట్‌లో, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు టీవీలో చూసి గుండెలు బాదుకుంటున్నారని ఇక్కడ అందరికీ తెలుసు. ఒక్క మాట చేరవేసే దారి లేదు.

బాబాయి శుక్రవారం పుస్తకం తీశాడు. అందులో ఊరి మొత్తం గల్ఫ్ నెంబర్లు ఉన్నాయి. దాని వెనక ఖాళీ పేజీల్లో ఇంటింటి పేరు రాసి, ఎదురుగా "అందరూ క్షేమం", "ఇల్లు పోయింది, మనుషులు క్షేమం", "తాతయ్యకి దెబ్బ తగిలింది, ఆస్పత్రిలో ఉన్నాడు" అని రాయించాడు. మేం పిల్లలం ఇల్లిల్లూ తిరిగి ఆ సంగతులు పోగు చేశాం. రోడ్ల మీద చెట్లు నరికి దారి చేశారని తెలియగానే, ఆ కాలు వేసుకుని లారీ ఎక్కి రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరాడు. అక్కడ తెలిసిన బూత్ ఆయన దగ్గర కూర్చుని పుస్తకంలో నెంబర్లు ఒక్కొక్కటే కలిపాడు. రాత్రీ పగలూ అక్కడే. కలిసిన ప్రతివాడికీ "మీ పక్కింటి ఫలానా ఆయన అక్కడే కదా పనిచేసేది, వాళ్ళక్కూడా చెప్పు" అని ఇంకో ఇద్దరి సంగతి అంటగట్టేవాడు. దాంతో బిల్లు సగానికి తగ్గింది. కాళ్ళు వాచిపోయి తిరిగొచ్చాడు. బిల్లు డబ్బు ఇచ్చినవాళ్ళ దగ్గర పుచ్చుకున్నాడు, లేనివాళ్ళని అడగలేదు. ఈ సంగతి ఆయన ఎక్కడా చెప్పుకోడు. చెప్పుకోకపోవడం కూడా ఆయనకి లాభించిందనుకోండి. ఆ తర్వాత ఆ ఇళ్ళల్లో ఒక్కరు కూడా ఇంకో బూత్ గడప తొక్కలేదు.

అయితే తుఫానుతో కొబ్బరి ఫోన్లు పడిపోయాయి. తోట మళ్ళీ వేస్తే కాపుకొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. వెనక గది తలుపు వారానికి రెండుసార్లు తెరిస్తే గొప్ప. అందరూ ఇక గవర్నమెంటు సాయం గురించి మాట్లాడుకుంటుంటే, పిన్ని ఒక సంగతి పట్టుకొచ్చింది. తోటలు పోయిన ఇళ్ళల్లో ఒక్కొక్కరు పాస్‌పోర్టుకి పెట్టుకుంటున్నారు. అంటే జిరాక్స్‌లు, ఫోటోలు, ఫారాలు. ఆ గదిలోకి జిరాక్స్ మిషను వచ్చింది. రాజమండ్రిలో సెకండ్‌హ్యాండ్‌ది. చీటీ పాడి కొన్నాడు.

అన్నీ ఇలాగే కలిసొచ్చాయనుకుంటే పొరపాటు. ఫ్యాక్స్ మిషను పెట్టాడు, దుమ్ము పట్టింది. వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చాడు, సగం తిరిగి రాలేదు. కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పెట్టాడు, కరెంటు కోతలకి వేడి డ్రింకుల ఫ్రిజ్ అయింది. గ్రీటింగ్ కార్డులు మాత్రం రెండు సంక్రాంతులు బాగా ఆడి, మూడో సంక్రాంతికి మూలన పడ్డాయి. కానీ వీటివల్ల ఇల్లు గుల్ల కాలేదు. కారణం బల్ల సొరుగులో ఉన్న బోర్నవిటా డబ్బా. రోజూ కొట్టు కట్టేసేటప్పుడు పదో పరకో అందులో పడేవి. దానికాయన పెట్టిన పేరు పోతేపోనీ డబ్బా. కొత్త ప్రయోగం ఏదైనా ఆ డబ్బాలో ఉన్నంతలోనే చెయ్యాలి. లేకపోతే నిండేదాకా ఆగాలి. డబ్బా ఖాళీ అయి, పెట్టిన పని ఆడకపోతే ఆ పని అక్కడితో సరి. ఇంట్లోంచి తెచ్చి దాన్ని బతికించే పని పెట్టుకోకూడదు. జిరాక్స్ మిషనుకి మాత్రమే చీటీ పాట దాకా వెళ్ళాడు, ఎందుకంటే అప్పటికే పిన్ని నోటుపుస్తకంలో రోజుకి ఎంతమంది జిరాక్స్ కోసం అమలాపురం బస్సెక్కుతున్నారో లెక్క ఉంది.

చాలా ఏళ్ళకి, ఉద్యోగంలో ఉండగా ఒక ట్రైనింగులో సరస్ సరస్వతి అనే ప్రొఫెసర్ పేరు విన్నాను. అమెరికాలో ఉంటారు, మన దేశం నించి వెళ్ళినావిడే. బాగా అనుభవం ఉన్న 27 మంది వ్యాపారవేత్తలు ఎలా ఆలోచిస్తారో పరిశీలించి 2001లో ఒక సిద్ధాంతం ప్రచురించారు. వాళ్ళు ముందు పెద్ద లక్ష్యం పెట్టుకుని దానికోసం డబ్బు వెతకరట. చేతిలో ఏముంది, నాకు ఎవరు తెలుసు అన్న దగ్గర మొదలుపెడతారట. ఎంత లాభం వస్తుంది అని కాకుండా, ఎంత పోతే తట్టుకోగలను అని ముందే తేల్చుకుంటారట. మా ట్రైనరు ఇదేదో కొత్త వింత చెబుతున్నట్టు స్లైడు వెయ్యగానే నాకు నవ్వాగలేదు. పక్కాయన ఏమైందండీ అన్నాడు. బోర్నవిటా డబ్బా గురించి ఆయనకి ఏమని చెప్పను?

నన్నడిగితే ఈ స్టార్టప్, విజన్, ప్యాషన్ లాంటి మాటలు మామూలు మనుషుల్ని భయపెట్టడానికే పనికొస్తాయి. మా బాబాయికి ప్యాషన్ ఉన్నది కబడ్డీ మీద. ఆ కాలుతో ఆడలేడు, రేడియోలో స్కోరు వినేవాడు. టెలిఫోన్ మీదగానీ జిరాక్స్ మీదగానీ ఆయనకి ఏ ప్రేమా లేదు. ప్రేమ లేకపోవడమే కలిసొచ్చిందని నా ఉద్దేశం. ఎందుకంటే 2003 వచ్చింది.

ఆ ఏడు మే 1 నించి సెల్‌ఫోన్‌కి ఇన్‌కమింగ్ ఉచితం అన్నారు. వర్షాకాలానికి రిలయన్స్ వాళ్ళు 501 రూపాయలకే ఫోన్ అని ఊదరగొట్టారు. అప్పటిదాకా ఎగతాళి చేసినవాళ్ళు కూడా లుంగీకి ఫోన్ దోపుకుని తిరగడం మొదలుపెట్టారు. అన్ని బూత్‌ల వాళ్ళూ "ఆ, ఇదెన్నాళ్ళులే, సిగ్నలు ఉండదు" అని సర్దిచెప్పుకుంటుంటే, బాబాయి శుక్రవారం పుస్తకం చూపించాడు. కిందటి ఏడాది ఇదే నెలలో నిండుగా ఉన్న పేజీ, ఇప్పుడు నాలుగు పేర్లు. "చూశావా, ఈ నలుగురు కూడా సంక్రాంతికి కొనేస్తారు" అన్నాడు. బాధ ఉన్నట్టే అనిపించలేదు, పంచాంగం చదివినట్టు చెప్పాడు. ముందున్న అద్దాల గది ఊడదీయించి, ఆ అద్దాలతోనే రీచార్జి కూపన్లు, సిమ్ కార్డులు పెట్టే షోకేసు చేయించాడు. మూడు గడియారాలు మాత్రం పిన్ని తియ్యనివ్వలేదు.

మార్కెట్ దగ్గర బూత్ ఆయన గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆయన మా బాబాయి కన్నా ఎక్కువ కష్టపడేవాడు. మనిషి చాలా మంచివాడు. అప్పు అడిగినవాడికి లేదనేవాడు కాదు. అద్దె కొట్టు, ముగ్గురు ఆడపిల్లలు. పెద్దమ్మాయి పెళ్ళికి కొట్లో పెట్టుబడి లాగేశాడు. సెల్‌ఫోన్లు వచ్చేసరికి ఆయన దగ్గర కొత్తదానికి పెట్టడానికి ఏమీ మిగల్లేదు. నాలుగైదేళ్ళకి బోర్డు దించేసి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు వాచ్‌మెన్‌గా వెళ్ళిపోయాడు. ఆయనకి తెలివి లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. బాబాయి కూడా ఒప్పుకోడు. ఆయన ఊళ్ళోకొస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి, "నాకు గొలుసున్నదండీ, మీకు లేదు, అంతే తేడా" అంటాడు. అది పూర్తిగా నిజం కాదని ఇద్దరికీ తెలుసు. కానీ చాలావరకు నిజం.

అక్కడ నించి కథ తొందరగా నడుస్తుంది. సిమ్ కార్డుల తర్వాత కంప్యూటరు, అనూ ఫాంట్లతో పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు. ఆ తర్వాత ఇంటర్నెట్టు, ఎంసెట్ ర్యాంకులు, రైలు టిక్కెట్లు. పాస్‌పోర్టు దరఖాస్తులు ఆన్‌లైన్ అయ్యాక మా కొట్టు మళ్ళీ నిండింది. టెన్త్ పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడుతుంది, అలాంటివాళ్ళు గల్ఫ్ లాంటి దేశాలకి పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి దేశం దాటడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, తప్పనిసరి, ఆడవాళ్ళకైతే 30 ఏళ్ళు నిండాలి. ఏజెంట్లు ఇది దాచి, విజిట్ వీసా మీద ఎక్కించి పంపేస్తుంటారు. పిన్ని రెండు నించి నాలుగు టైములో వచ్చే ఆడవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పేది. కాంట్రాక్టు కాగితం లేకుండా విమానం ఎక్కొద్దని పోట్లాడేది. దీనివల్ల ఒకరిద్దరు ఏజెంట్లు కొట్టు మీదికి గొడవకొచ్చారు కూడా. వాళ్ళు తెచ్చే జిరాక్స్ బేరం పోయింది. పోతేపోనీ, అంది.

2016లో జియో వచ్చి రీచార్జి కమీషన్ మీద దెబ్బ కొట్టింది. ఆ ఏడే నవంబర్ 8న నోట్లు రద్దయ్యాయి. ఏటీఎంల ముందు క్యూలు చూసి, బాబాయి వేలిముద్రతో డబ్బు తీసిచ్చే బ్యాంకు మిషను పెట్టుకున్నాడు. పెన్షను ముసలాళ్ళకి పట్నం ప్రయాణం తప్పింది. కరోనాలో గల్ఫ్ నించి వెనక్కి రావడానికి పేర్లు నమోదు చేసుకునే ఫారాలు, ఆ తర్వాత టీకా స్లాట్లు. నేను హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేస్తూ భయపడుతుంటే, ఆయన మాస్కు వేసుకుని, అరుగు మీద సున్నంతో గడులు గీసి, గడికొకరిని నిలబెట్టి కొట్టు నడిపాడు.

2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది, అమలాపురం జిల్లా కేంద్రం. ఆఫీసులు వచ్చాయి, ఆఫీసులతో పాటు కాగితాలు వచ్చాయి. బాబాయికి ఇప్పుడు అరవై దాటాయి. కాలు మరీ సహకరించడం లేదు. కొడుకు బెంగళూరు ఉద్యోగం కాదనుకుని కొట్టు చూసుకోవడానికి వచ్చాడు. ఎందుకొచ్చావురా అని అందరూ అడిగారు. "అక్కడ నాకు జీతం ఇస్తున్నారు, ఇక్కడ నాన్న నన్ను సలహా అడుగుతున్నాడు" అన్నాడు. ఏమాటకామాటే, వాడు వచ్చాక కొట్లో తగాదాలు కూడా పెరిగాయి. వాడు లోను తీసుకుని పక్క వాటా కూడా కలిపేద్దామంటాడు. ఈయన డబ్బా నిండనీ అంటాడు. ఇందులో ఎవరిది ఒప్పో నాకు ఇప్పటికీ తేలలేదు. వాడి లెక్కలు చూస్తే వాడిదే సబబనిపిస్తుంది. ఆయన ముఖం చూస్తే మాట పెగలదు.

పోయిన నెల బాబాయి ఫోన్ చేశాడు. కుశలప్రశ్నలు గట్రా లేవు.

"ఏరా, మీ ఆఫీసులో మూడు నాలుగేళ్ళు వాడేసిన లాప్‌టాప్‌లు ఏం చేస్తార్రా?"

"వేలం వేసి టోకున ఎవరికో ఇచ్చేస్తారు బాబాయ్. ఎందుకు?"

"డిగ్రీ పిల్లలు రోజూ ఇక్కడికొచ్చి నా కంప్యూటర్ల మీద పడుతున్నారు. గంటకి ఇరవై చొప్పున ఇస్తూనే ఉన్నారు పాపం. పాత లాప్‌టాప్ వాయిదాల మీద ఇస్తే కొనుక్కుంటారని మీ పిన్ని లెక్క తీసింది. పది కావాలి ముందు."

"పది అంటే చాలా డబ్బు బాబాయ్. బ్యాటరీలు పోయి ఉంటాయి కొన్ని."

"అందుకే పది. డబ్బాలో పదికే ఉన్నాయి. ఎంతకిస్తారో కనుక్కో. వాళ్ళు చెప్పింది నాకు చెప్పకు. దాంట్లో సగం చెప్పి, వాళ్ళ ముఖం ఎలా మారిందో అది చెప్పు."